జీళ్ళ పాకానికని తెచ్చిన బిందె

ఆరింటికల్లా వస్తానన్న బుల్లిరాజు ఎనిమిదిన్నరకి వచ్చాడు. వచ్చినవాడు కొత్త సుమో హారన్ వీధంతా అదిరేలా కొట్టాడే తప్ప, ఆలస్యమైందిరా అని ఒక్క ముక్క అనలేదు. భీమవరంలో తన కొట్టు ముందు రెండున్నర గంటలు కాళ్ళు పీకేలా నిలబడ్డ నిరంజన్‌కి అప్పటికే ఒళ్ళు మండిపోతోంది. ముందురోజే రాజమండ్రి నుంచి వచ్చిన జోగేశ్వరరావు మాత్రం, "పోనీలేరా, వచ్చాడుగా" అన్నాడు. లెక్కల మేష్టారయ్యాక కూడా ఆయనగారికి చిన్నప్పటి ఆ పోనీలేరా మాత్రం పోలేదు.

ముగ్గురిదీ మేరకపాలెం హైస్కూల్లో ఒకే బెంచీ. ఇప్పుడు ముగ్గురికీ నలభై దాటాయి. స్కూలు గేటు దగ్గర బంగారమ్మ అమ్మిన జీళ్ళు మళ్ళీ ఒక్కసారి కలిసి తినాలని నిరంజన్ పెట్టిన ప్రయాణం ఇది. ఆవిడ బెల్లం పాకాన్ని ముద్ద చేసి, గుంజకి కొట్టిన మేకుకి తగిలించి, రంగు తేలేదాకా లాగి లాగి, నువ్వులద్ది ముక్కలు కొట్టేది. ఎప్పుడో మానేశానని ఆవిడ చెప్పినా వినకుండా, మా కోసం ఒక్కసారి చెయ్యాల్సిందేనని నిరంజన్ వారం నుంచీ కబురు మీద కబురు పంపాడు.

మేరకపాలెం దగ్గరపడేసరికి ఎటు చూసినా రొయ్యల చెరువులే. వరిచేలన్న మాటే లేదు. బుల్లిరాజు స్టీరింగు మీది చెయ్యి తీసి మరీ చూపించాడు.

"అదిగో, ఆ కొస దాకా మనయ్యేరా."

నిరంజన్ ఆ చెరువుల కింద తాము క్రికెట్ ఆడిన పొలం ఎక్కడుందో వెతుక్కుంటున్నాడు.

సుమో రోడ్డు మీద ఆపి, బురదలోంచి నడిచి బంగారమ్మ ఇంటికి చేరారు. ఆవిడ లోపల పొయ్యి రాజేస్తోంది. అరుగు చివర నిండు బిందె, దాని మీద పళ్ళెం, పళ్ళెంలో చెంబు. బుల్లిరాజు వాళ్ళ లోగిట్లో మెట్ల పక్కన ఎప్పుడూ అలాగే బిందె ఉంటుంది, వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కోవడానికి. అతను మరో ఆలోచన లేకుండా పళ్ళెం తీసి, ఈ కాలికో చెంబు, ఆ కాలికో చెంబు పోసుకున్నాడు. బురద వదలకపోయేసరికి బిందె ఎత్తి కాళ్ళ మీద కుమ్మరించుకున్నాడు.

చప్పుడుకి బయటికొచ్చిన బంగారమ్మ ద్వారబంధం పట్టుకుని నిలబడిపోయింది.

"అయ్యో బాబుగారూ, అయ్యి పాకానికండి!"

"నూతిలో ఇంకో బిందె తోడుకో. దానికేంటి?"

"నూతి నీళ్ళు ఉప్పండి. నాలుగేళ్ళయిందండి. వాటితో చేస్తే నోట్లో పెట్టలేరండి. తెల్లారగట్ట లేచి కాలవ రేవు నుంచి మోసుకొచ్చానండి. ఈ పూటకి తాగడానికీ అయ్యేనండి."

నిరంజన్ ఇక ఆగలేకపోయాడు. "కళ్ళు నెత్తికెక్కాయట్రా నీకు? ఆ నూతిలో ఉప్పెక్కడిదనుకున్నావు? నీ చెరువుల్లోది!"

"మరి నా చెరువుల్లో పడే మేత ఎవరి కొట్లోదో?" బుల్లిరాజు తాపీగా అడిగాడు. "ఇంటికొచ్చి బతిమాలి అంటగట్టింది నువ్వు కాదూ?"

నిజమే. నిజం కాబట్టే నిరంజన్ కోపం రెట్టింపయింది. వాడి మీద కోపం, తన మీద కోపం, ఆఖరికి ఆ జీళ్ళ మీద కూడా కోపం. డెబ్భై ఏళ్ళ మనిషి చేత నీళ్ళు మోయించిన ముచ్చట ఎవరిది మరి?

"పోనీలేరా, పొరపాటే కదా..."

"నోర్ముయ్!" ఇద్దరూ ఒకేసారి జోగేశ్వరరావు మీద విరుచుకుపడ్డారు.

"ఇంతకీ రేవెంత దూరం?" అన్నాడు బుల్లిరాజు.

"తమరి చెరువు గట్టు మీద నుంచైతే పావుగంటండి. బిందెతో గట్టెక్కనివ్వడండి మీ కాపలా మనిషి. చుట్టూ తిరిగెళితే గంట పైనే పడతదండి."

బుల్లిరాజు పెద్దగా నవ్వాడు. "నా గట్టు మీద మంచినీళ్ళకెళ్ళే మనిషిని ఆపుతారా? ఎండకి బద్ధకించి కథలు చెబుతున్నావు బంగారమ్మా."

ఆవిడ మొహం మాడిపోయింది. ఖాళీ బిందె కోసం వంగింది. అప్పటికే నిరంజన్ దాన్ని లాక్కుని బుల్లిరాజు భుజం మీద పెట్టేశాడు. లోపల్నుంచి ఇంకో బిందె తెచ్చి తను ఎత్తుకున్నాడు.

"కథలో కాదో చూద్దాం, పద. ముందు నువ్వు నడు."

"సరే పదరా, నాకేం భయమా?"

బుల్లిరాజు తువ్వాలు నెత్తిన కప్పుకుని గట్టెక్కాడు. మిగతా ముగ్గురూ వెనకబడి ఇంకా గట్టు కిందే ఉన్నారు. పాతిక అడుగులు వేశాడో లేదో, చెరువు మూలనున్న పాక దగ్గర్నుంచి కేక వినిపించింది.

"ఎవర్తివే అది! బిందెతో గట్టెక్కొద్దని ఎన్నిసార్లు చెప్పాలే నీకు!"

కేక వెనకే మట్టిగడ్డ వచ్చి బుల్లిరాజు భుజం మీది బిందెకి తగిలింది. రెండోది చెవి పక్కనుంచి పోయింది. బుల్లిరాజు బిందె దింపి, తువ్వాలు తీసి తిరిగాడు. కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చిన కాపలా చిట్టియ్య ఆ మొహం చూసి గట్టు మీదే సాగిలపడ్డాడు.

"తప్పయిపోయింది బాబుగారండీ! తమరనుకోలేదండి! రోజూ వచ్చే ఆ ముసల్దనుకుని కొట్టానండి!"