గంధరాజం మొగ్గలు

సోమమ్మ పొద్దున్నే బావిలో చేద వేసిందంటే ఆరు గంధరాజం పొదలకూ నీళ్లు అందేదాకా నడుం ఎత్తేది కాదు. కొత్తకోట సర్కారు బంగ్లాలో మాలి అన్న పేరు మాత్రం ఆమె పెనిమిటి చెన్నయ్యది. ఖాకీ అంగీ అతనిది, వచ్చిన దొరలకు సలాం కొట్టేదీ అతనే. ఏడాది పొడుగునా ఆకు రాల్చకుండా నిగనిగలాడే ఆ పొదలను పెద్ద ఇంజనీరు భార్య హైదరాబాదు నుంచి తెచ్చి పెట్టించింది. మొగ్గలైతే మెలితిప్పిన తెల్లని వత్తుల్లా నిలబడేవి. నిలబడేవే గానీ విచ్చేవి కావు. నెలకోసారి పసుపుబారి జలజలా రాలిపోయేవి.

ఎందుకు రాలుతున్నాయో తమకు తెలుసనే ఇంట్లో వాళ్లు అనుకున్నారు.

"బయటున్నప్పుడు నువ్వు ముట్టుకుంటున్నవు. లేకుంటే నీ నీడన్న పడ్తాంది. గింత బలమైన చెట్టుకు ఇంకేం రోగం?" అనేది అత్త బిక్షమ్మ.

"ఎండాకాలంల ఇంజనీరు దొరసాని వస్తది. పూత లేకుంటే నా నౌకరి పోతది. ఈసారి గిట్ల రాలితే నువ్వు మీ అమ్మగారింటికి పో. పూసినంక పిలుస్త" అన్నాడు చెన్నయ్య.

సోమమ్మకు ఏడుపు రాలేదు, వింతగా అనిపించింది. నెలకు మూడు రోజులు ఆమె పశువుల కొట్టంలోనే. చాప వేరు, ముంత వేరు. ముడితే బూజు పడుతుందని మామిడికాయ తొక్కు జాడి దరికైనా పోనిచ్చేవారు కాదు. నేను అడుగు కదపలేదే, నా నీడ ఈ గడప దాటలేదే, మరి నా సంగతి మొగ్గకు ఎవరు చెప్పారు? పొదకు కండ్లున్నాయా, ముక్కుందా? అక్కడి నుంచి తోట కనిపిస్తుంది గదా, ఆ నెల రెప్ప వేయకుండా చూసింది. మొదటి రోజు చెన్నయ్య వేపచెట్టు కింద బీడీలు కాల్చాడు. రెండో రోజు అంగడికి పోయాడు. మూడో రోజు నిద్రపోయాడు. అత్తకు మోకాళ్ల నొప్పులు, వంటకే సరిపోయేది. నాలుగో పొద్దున ఆమె తలస్నానం చేసి వచ్చేలోపల చెన్నయ్య ఒక్కో పొదకూ కుండల కొద్దీ నీళ్లు గుమ్మరించాడు. వారం తిరగకుండా మొగ్గలు రాలాయి.

ఓహో, అనుకుంది. తాను ఇంట్లో తిరిగే రోజుల్లోనే ఒక పని చేసింది. చివరి పొదకు మాత్రం మూడు రోజులు చుక్క పోయలేదు, నాలుగో రోజు పీకల దాకా పోసింది. చూస్తే ఆ ఒక్క పొద మొగ్గలే రాలాయి, మిగతా ఐదూ చెక్కుచెదరలేదు. రాలిన మొగ్గను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఇన్ని నెలలు తన ఒంటి మీద వేసిన నింద పొయ్యని నీళ్లదన్నమాట. చెప్తే ఎవరు వింటారు?

తర్వాతి నెల ఆమె బయట కూర్చోలేదు. ఎవరికీ చెప్పలేదు. మూడు పొద్దులూ ఎప్పటిలాగే నీళ్లు పోసింది. ఊరికే పోయడం ఎందుకని ఒక్కో మొగ్గనూ వేలితో తాకింది కూడా.

పూసింది చూడండీ పూత! వాసన బంగ్లా గేటు దాటి రోడ్డు మీదికి పోయింది. చెన్నయ్య ఖాకీ అంగీ ఉతుక్కోవడానికి ఉరికాడు. బిక్షమ్మ ఒక పువ్వు తెంపి కోడలి కొప్పులో పెట్టి, కడుపు మీద చెయ్యి వేసింది.

"ఈ నెల బయట కూసోలేదు. నాకు తెల్వదనుకున్నవా? కడుపు నిలిచింది. గందుకే చెట్టు పూసింది. ఇగ చేద ముట్టకు బిడ్డా, జర పైలం."

తలూపితే ఆ పూటకు గడిచిపోయేది. సోమమ్మ ఊపలేదు.

"కడుపు కాదత్తా. బయటయిన. చెప్పకుండ ఇంట్లనే ఉన్న. మూడొద్దులు నేనే నీళ్లు పోసిన, మొగ్గలు ముట్టిన. నీ కొడుకు పొయ్యకుంటేనే రాలుతున్నయి."

బిక్షమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇప్పుడు అరుస్తుంది అనుకుంది సోమమ్మ. ముసలామె అరుగు మీద కూలబడి, తెల్లగా విరిసిన పొదల వంక చూసింది. ఆమె మాత్రం ఎన్ని ఏండ్లు కూర్చోలేదు కొట్టంలో! చివరికి, కొడుకు దరిదాపుల్లో లేడని చూసుకుని, గొంతు తగ్గించి అడిగింది:

"మరి తొక్కు జాడి? దాన్ని గుడ ముట్టినవానే?"

"లేదత్తా. గది వచ్చే నెల చూస్త."