మా వీధి కాలువకు సాక్ష్యం

మా వీధిలో నన్ను ఎదురుగా టైలరక్క అంటారు, చాటున కాలువక్క అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. నా చేతిలో కత్తెర ఉంటుంది, నా నోరు దానికంటే పదును. ఆ రెండో పేరు మా తమ్ముడి పుణ్యమా అని వచ్చింది. వాడు మున్సిపాలిటీలో ఇంజినీరు. అమ్మా నాన్నా పోయాక ఈ కుట్టుమిషను తొక్కి వాణ్ణి చదివించాను. వాడు జీపు దిగి కొట్లోకి వస్తుంటే నాకు కడుపు నిండిపోయేది.

మాది పల్లం. వాన పడితే ఊళ్లో నీళ్లన్నీ చుట్టపుచూపుగా మా ఇళ్లకే వచ్చేవి. ఒకరోజు తమ్ముడొచ్చి, విదేశీ బ్యాంకు అప్పిస్తోందని, మా వీధికి కాలువా సిమెంటు రోడ్డూ వస్తాయని చెప్పాడు. చిక్కల్లా ఒక్కటే. కాలువకి చోటు చాలదు, ఇళ్ల ముందు భాగాలు కొట్టాలి. బలవంతంగా కొడితే బ్యాంకు ఒప్పుకోదట. జనం ఇష్టపడి ఇవ్వాలట.

"నీ మాటైతే వీధిలో చెల్లుతుందక్కా. నువ్వు అడిగితే కాదనరు," అన్నాడు.

పొంగిపోయాను. అందరికంటే ముందు నా కొట్టు ముందుగదిని పడగొట్టించి, తర్వాత గడప గడపా తిరిగాను. గడియారాలు బాగుచేసే బాబాయి మాత్రం మొండికేశాడు. ఆయన దుకాణం అంటే ఒక బల్ల, ఒక స్టూలు, నెత్తిన ఒక రేకు. కాలువ సరిగ్గా దాని మీదుగానే పోతుంది. రోజూ వెళ్లి బతిమాలాను, పోట్లాడాను, నవ్వించాను.

"నీ తమ్ముణ్ణి చూసి కాదమ్మా, నిన్ను చూసి ఇస్తున్నా," అన్నాడు చివరికి. అప్పట్నుంచి ఆయన నా కొట్టు చూరు కిందే స్టూలు వేసుకుని కూర్చుంటున్నాడు.

కాలువ పూర్తయ్యాక చూడముచ్చటగా ఉంది. మొదటి పెద్దవాన రోజున వీధంతా గుమ్మాల్లో నిలబడి వేడుక చూశాం. నీళ్లు గలగలమంటూ కాలువలోకి దిగాయి. కాసేపటికి ఆగాయి. ఆ తర్వాత వెనక్కి తిరిగాయి. ఇదివరకు మా ఇళ్లలోకి వాననీళ్లు వచ్చేవి, ఈసారి ఊరి మురుగంతా వచ్చింది. కుట్టడానికి ఇచ్చిన బట్టలు ఆ మురుగులో తేలుతుంటే గట్టిగా ఏడ్చాను.

మర్నాడు తమ్ముడొచ్చాడు. గోడ మీద నడుం ఎత్తున మురుగు చార ఇంకా తడారలేదు.

"చివర పెద్దకాలువలో కలపలేదక్కా. ఆ ముక్క రెండో అప్పులో ఉంది. మొదటి పని బాగుందంటే అది ఇస్తారు. కాస్త ఓర్చుకోవాలి."

"ఈ సంగతి నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

వాడు మంచినీళ్లు తాగాడు. గ్లాసు కింద పెట్టి చెప్పాడు.

"మొదట్నుంచీ తెలుసు. చెబితే నువ్వు ముందుగది కొట్టించేదానివా?"

నా చేత్తో పెంచినవాడు, నన్ను నమ్మించి నా చేతే వీధి గొంతు కోయించాడు. కంచే చేను మేసిందని విన్నాను గానీ, ఆ కంచెను నేనే నాటానని అప్పుడే తెలిసింది.

వాడు మాత్రం అసలు పని మీదకి వచ్చాడు. బ్యాంకు మేడమ్ వీధి చూడ్డానికి వస్తోందట. వీధి తరఫున ఒక ఆడమనిషి మాట్లాడాలట, అది వాళ్ల పద్ధతట. "బాగుందని ఒక్క మాట చాలక్కా."

"పిల్లికి ఎలుక సాక్ష్యమా?" అన్నాను. అయినా సరేనన్నాను. వాడు వెళ్లగానే బాబాయికి చెప్పాను. "ఆ మేడమ్ ముందు అంతా కడిగి ఆరేస్తాను చూడు. నీ దుకాణం సంగతి కూడా అడుగుతాను." బాబాయి ఆ మాట వీధంతా చెప్పాడు.

మేడమ్ వచ్చే ముందు మోటార్లు పెట్టి కాలువంతా తోడేశారు. గట్లకు సున్నం కొట్టారు. ఆమె తెల్లబట్టల్లో, నవ్వుమొహంతో వచ్చింది. పక్కనే తమ్ముడు, వెనక మున్సిపాలిటీ ఆఫీసరు. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. మధ్యన మాట అటూ ఇటూ చేరవేసేది వాడేనని అప్పుడు అర్థమైంది.

అయినా చెప్పాను. కాలువ ఎక్కడా కలవలేదని, మురుగు ఇళ్లలోకి వస్తోందని, గడియారాల బాబాయి రోడ్డున పడ్డాడని, ఇదంతా వీళ్లకి ముందే తెలుసని. గుక్క తిప్పుకోకుండా చెప్పాను. తమ్ముడు తలొంచుకుని విని, రెండు ముక్కల్లో ఆమెకు చెప్పాడు. ఆమె మొహం వెలిగిపోయింది. వెనకున్న ఆఫీసరు తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఆయనకి రెండు భాషలూ వచ్చు.

చేయి పట్టుకుని ఆమెను కొట్లోకి లాక్కుపోయాను. గోడ మీద చార చూపించాను. తమ్ముడు ఏదో చెబుతూ, వెనక్కి, వెనక్కి అన్నట్టు చెయ్యి ఊపాడు. అది ఎప్పుడో కాలువ లేనప్పటి చార అని చెబుతున్నాడన్నమాట! ఆమె అయ్యో అన్నట్టు తలాడించింది, ఆ చారని ఫోటో తీసుకుంది, నన్ను దగ్గరికి తీసుకుని వీపు నిమిరింది.

"నేను చెప్పింది చెప్పరా," అన్నాను. నా గొంతు నాకే బతిమాలినట్టు వినిపించింది.

"చెప్పానక్కా," అన్నాడు, నా కళ్లలోకి చూడకుండా.

ఆమె నా చెయ్యి వదలకుండానే బయటికొచ్చింది. కాలువ అవతల గట్టున, మాటలు వినపడనంత దూరంలో, వీధి వీధంతా నిలబడి చూస్తోంది. ఆమె నా రెండు చేతులూ ఊపి, నవ్వి, కారెక్కింది. తమ్ముడు కూడా ఎక్కాడు.

బాబాయి దగ్గరికొచ్చాడు. "ఏం చెప్పావమ్మా?"

"నిజమే చెప్పాను బాబాయ్."

"నిజం చెబితే చేతులు పట్టుకుని నవ్వుతారా?" ఆయన గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. "పోనీలే. ఎంతైనా అక్కాతమ్ముళ్లు." చూరు కింది స్టూలు తీసుకుని చంకలో పెట్టుకున్నాడు.

"వాడు నాకు తమ్ముడు కాడు," అని అరిచాను. వీధిలో అందరికీ వినపడింది. ఒక్కరూ నమ్మలేదు.