నీళ్లు తగిలితేనే కూస్తాను

నేను ఒక టేపును. దర్జీ మెడలో వేలాడే రకం కాదు. ఐదు వందల అడుగుల పొడవు, లోపల రెండు సన్నటి రాగి తీగలు, కొసన బొటనవేలంత ఇనుప గుండు. మిగతా ఒళ్లంతా ఒక చక్రానికి చుట్టి ఉంటుంది. ఆ చక్రానికే ఒక బ్యాటరీ, కూత పెట్టే చిన్న డబ్బా. బోరులోకి వదిలితే గుండుకు నీళ్లు తగలగానే పైన కీమని కూస్తాను. అక్కడ అంకె చూసుకుంటే నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో తెలుస్తుంది. నాకు వచ్చిన పని అదొక్కటే. చదువుకున్నవాళ్లకు ఇంకా చాలా పనులు వచ్చు.

హైదరాబాదు శివారులో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. చేసినవాడు నన్ను బకెట్లో ముంచి, కూత విని, "ఇది బతికింది" అని పక్కకు గిరాటేశాడు. భూగర్భ జలాలను కాపాడతామని బోర్డు కట్టుకున్న ఒక సంస్థ నన్ను కొని అనంతపురం వైపు తీసుకెళ్లింది. అక్కడ నా బాగోగులు చూసేవాడు ఖాజా. ఫీల్డు మనిషి, ఆరో తరగతి దాటలేదు. నెలకోసారి, ఒకే తేదీన, పొద్దున్నే మోటార్లు వేయకముందే కొలిచేవాడు. మోటారు ఆడితే బోరులో నీళ్లు దిగుతాయి, ఆపితే చుట్టుపక్కల నుంచి ఊరి పైకొస్తాయి. అందుకని "ఒక నెల ఆడించి, ఒక నెల ఆపి కొలిస్తే అది కొలత గాదు సార్, జాతకం" అనేవాడు. ఆఫీసులో నవ్వారు. ఎవడూ రాసుకోలేదు.

ఆరు నెలలకొకరు ఇంటర్నులు వచ్చేవాళ్లు. సైన్స్ కమ్యూనికేషన్ ఇంటర్న్ అని పిలుస్తారు. సైన్సును జనానికి అర్థమయ్యేట్టు చెప్పడం పని. ఉద్యోగం అనరు, అనుభవం అంటారు, చివర్న ఒక సర్టిఫికెట్టు ఇస్తారు. ఒకడు నన్ను మెడలో వేసుకుని ఫోటో దిగాడు, బోరు ముఖం చూడలేదు. ఇంకొకామె నా మీద ఇంగ్లీషులో కవిత రాసింది. రైతులకు చదివి వినిపించలేదు, అంతవరకు నయం.

తర్వాత మాబున్ని వచ్చింది. కదిరి దగ్గర పరుపులు కుట్టే ఇంటి పిల్ల, ఎమ్మెస్సీ జియాలజీ. ఈ పిల్ల నన్ను చంకన పెట్టుకుని చిన్నగువ్వలపల్లి అంతా నడిచింది. ఆ ఊళ్లో వన్నూరమ్మ అనే రైతు ఉంది. మొగుడు పోయాడు. పదకొండేళ్ల వయసున్న రెండు వందల నలభై చీనీ చెట్లు, అంటే బత్తాయి, ఆమె బతుకంతా అవే. బోరు ఎండిపోయింది. గొర్రెలు అమ్మి ఇంకో బోరు వేస్తానని కూర్చుంది. పక్క చేను మరిది భీమప్పది. ఆయన బోరులో ఇంకా నీళ్లున్నాయి. ఇద్దరికీ మాటల్లేవు.

"అక్కా, ఊరి కిందుండేది ఒకటే కుండ" అంది మాబున్ని. "నీ చెంబు మునగలేదని పొడుగు చెంబు తెస్తే కుండ నిండదు గదా."

"ఆ కుండ ఎవురిదిమ్మే?"

"అందరిదీ."

"అయితే పోయి మా మరిదికి చెప్పు. మూత మింద కూచోనుండేది ఆయప్పే."

పోయి చెప్పింది. ఒకసారి కాదు, పదకొండుసార్లు. భీమప్ప మొదట తలుపు తీయలేదు, తర్వాత మజ్జిగ ఇచ్చాడు, చివరికి "ఈ పాప నోటికి దండం" అని ఒప్పుకున్నాడు. వారానికో తడి వదిన చెట్లకు ఇస్తాడు. ఇద్దరిలో ఎవరూ కొత్త బోరు వేయకూడదు. పంచాయతీ ఆఫీసులో వేలిముద్రలు పడ్డాయి. చెట్లు చిగురేశాయి. సంస్థ పుట్టాక జరిగిన అసలు పని ఇదొక్కటే. దీని మీద ఎవడూ పోస్టరు వేయలేదు, ఎందుకంటే దీంట్లో అంకె లేదు.

వాళ్లకు అంకె కావాలి. సంస్థను పోషించే పెద్దమనుషులు చూడ్డానికి వస్తున్నారు. ఊళ్లో ఎప్పుడూ కొలిచే బోరులో నేను ఆ నెల మూడు వందల పద్దెనిమిది దగ్గర కూశాను. అంతకుముందు నెల మూడు వందల పది. అంటే నీళ్లు ఎనిమిది అడుగులు దిగాయి. కోఆర్డినేటరు జయసింహ సారుకు అది నచ్చలేదు. ఊరంతా నాలుగు రోజులు మోటార్లు ఆపించాడు. ఎండాకాలం, చెట్లు నోరెండి నిలబడ్డాయి. ఐదో రోజు నన్ను దింపితే రెండు వందల డెబ్బై దగ్గర నీళ్లు తగిలాయి. తగిలాక కూయకుండా ఉండటం నాకు చేతకాదు. కూశాను.

"చూశావా మాబున్నీ, నలభై ఎనిమిది అడుగులు పైకొచ్చింది" అన్నాడు సారు.

"సార్, ఇది మోటార్లు ఆపినందుకు వచ్చింది."

"ఆపడం కూడా సంరక్షణే కదమ్మా. జనానికి ఉత్సాహం ఇవ్వాలి. నీ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేది నేనే. నువ్వు బాగుపడాలనే చెప్తున్నా."

పోస్టరు వచ్చింది. పైకి లేచిన పెద్ద నీలం బాణం, పక్కన నలభై ఎనిమిది. అడుగున 'తయారీ: మాబున్ని' అని ఉంది. సారు పేరు ఎక్కడా లేదు. అలాంటి విషయాల్లో సారు చాలా అణకువ మనిషి.

పోస్టరు అంటించిన పొద్దున వన్నూరమ్మ దాని ముందు నిలబడి అడిగింది. "ఏమ్మే, నాలుగు నాళ్లు ఆపితేనే ఇంత పైకొచ్చిందంటే, అడుగున బాగా ఉండాదనే గదా? నేను బోరు ఏసుకోవచ్చా?"

తప్పు లెక్క అది. కానీ మంచి ప్రశ్న. దానికి జవాబు మాబున్నికి తెలుసు. ఆ ఊళ్లో ఆమె కన్నా బాగా తెలిసినవాళ్లు లేరు. పక్కన సారు ఉన్నాడు, ఆయన పక్కన పెద్దమనుషులున్నారు. "మా పాప జియాలజీ చదివింది, చెప్తుంది" అన్నాడు సారు నవ్వుతూ.

"ఉండాయక్కా నీళ్లు" అంది మాబున్ని.

ఎండలో పదకొండుసార్లు తిరిగిన పిల్ల అంతకు మించి ఇంకేం చెప్పలేదు. పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు.

వన్నూరమ్మ గొర్రెలమ్మి బోరు వేసింది. ఆరు వందల అడుగులు పొడిచినా తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మాట తప్పిందని భీమప్ప పైపు తిప్పేసుకున్నాడు. ఆయన్ను నేను తప్పుపట్టను. ఆయన కూడా ఆ పోస్టరు చూసి, వదినకు ఇక నీళ్లకు కొదవ లేదనుకున్నవాడే.

మాబున్నికి సర్టిఫికెట్టు వచ్చింది, అదే సంస్థలో ఉద్యోగం కూడా వచ్చింది. మరుసటి ఫాల్గుణంలో ఒక మధ్యాహ్నం ఖాజాను బతిమాలి నన్ను తీసుకుని వన్నూరమ్మ చేనుకు వచ్చింది. ఆమె ఎండిన చీనీ కొమ్మలు విరిచి బొగ్గులవాళ్లకు మోపు కడుతోంది. చేతులు ఆపలేదు.

"కొలుస్తానక్కా" అంది మాబున్ని.

"కొలుచుకో. నీ సరదా."

నన్ను ఆ కొత్త బోరులోకి దించారు. రెండు వందలు, మూడు వందలు, నాలుగు వందలు. ఈసారి ఎలాగైనా కూయమని మాబున్ని నా చక్రం వైపు చూస్తూ నిలబడింది. ఐదు వందల అడుగులూ అయిపోయాయి. నేను కూయలేదు. పైకి లాగబోతే గుండు రాళ్ల మధ్య ఇరుక్కుంది. ఎంత గుంజినా రాలేదు.

"తప్పు చెప్పినానక్కా ఆ పొద్దు" అంది మాబున్ని.

"బొమ్మ కింద నీ పేరే ఉండాదని చదివి చెప్పినారు. అందుకే నమ్మినా. మీ సారు పేరుంటే నమ్మేదాన్ని గాదు." వన్నూరమ్మ మోపు ముడి బిగించింది. "ఆ బొమ్మ ఇంకా యాడన్నా అంటించినారా?"

"పద్దెనిమిది ఊళ్లలో."

"అక్కడ బోర్లు ఏస్తాండారా?"

జవాబు ఖాజా చెప్పాడు. "రెండు ఊళ్లల్లో బోరు బండి దిగింది వదినా."

"ఆ ఊళ్ల పేర్లు చెప్పుమ్మే. నాకు రాసుకునేది రాదు. నిదానంగా చెప్పు, గుర్తు పెట్టుకుంటా."

"ఎందుకక్కా?"

"పోయి చెప్తా. ఎండిన కొమ్మ చేతిలో పట్టుకొని పోతా. దానికి సర్టిఫికెట్టు అక్కర్లేదు గదా."

"సారుకు తెలిస్తే నా ఉద్యోగం..."

"నేను అడిగింది ఊళ్ల పేర్లు."

ఖాజా జేబులోంచి కత్తి తీసి నన్ను బోరు అంచు దగ్గర కోశాడు. చక్రం, డబ్బా, కూత పైన ఉండిపోయాయి. ఉత్త తీగలతో నేను లోపలికి జారాను. అప్పుడు మాబున్ని గొంతు మొదలైంది. ఒక్కో ఊరు చెప్పి ఆగుతోంది, వన్నూరమ్మ దాన్ని మళ్లీ అంటోంది. బోరు నోరు తెరిచి పెట్టకూడదని ఖాజా బండ దొర్లించుకొస్తున్నాడు. అది పడేలోపు నాకు తొమ్మిది ఊళ్ల పేర్లు వినపడ్డాయి.