రైటైతే ఒక గింజ

కోడలికి ఆటల పిచ్చి పట్టిందని మస్తానాబీ ఊరంతా చెప్పుకుంది. చెప్పుకోదా మరి? నాలుగేళ్లు నిండని అర్హాన్‌ను ముందర కూర్చోబెట్టుకుని, నాజియా పొద్దున లేస్తే చాలు చెంచాలొక పక్క, గిన్నె మూతలొక పక్క పెట్టించేది. ఉల్లిగడ్డల్లో చిన్నవీ పెద్దవీ వేరు చేయించేది. అంగన్‌వాడీ టీచర్ సువర్ణ ఫోన్‌లో పంపే ఆటల్లో ఒక్కటీ వదిలేది కాదు. గింజలు ఏరడానికి కూడా చదువు కావాలా, మేం పిల్లల్ని పెంచలేదా అని అత్త మంచం మీద నుంచి దెప్పేది. కోడలు వినీ విననట్టు ఊరుకునేది.

అన్నిట్లోకీ వాడికి ఇష్టమైంది శనక్కాయ గింజల ఆట. నాజియా కొన్ని గింజల్ని బీట్‌రూట్ నీళ్లలో ఉడకబెట్టి గులాబీరంగు తెప్పించేది, కొన్నిటిని మామూలుగా ఉడికించేది. అన్నీ కలిపి పోస్తే వాడు ఏ రంగువి ఆ గిన్నెలో వేయాలి. సరిగ్గా వేస్తే "రైట్" అని చప్పట్లు కొట్టి, ఒక గులాబీ గింజ వాడి నోట్లో పెట్టేది. మస్తానాబీ మొహం అటు తిప్పుకునేది.

ఆ ఏడు వాన మొహం చాటేసి చాటేసి, ఆఖరికి ఒక రాత్రి గట్టిగా కురిసింది. తెల్లారేసరికి ఊరంతా విత్తనాల మీద పడింది. తడి ఆరకముందే గింజ భూమిలో పడకపోతే ఆ ఏటికి ఇక అంతే కదా. నాజియా మొగుడు షారుక్ విత్తనాలకు పురుగుమందూ ఎర్రపొడీ పట్టించాడు. ఎప్పుడూ కొట్టంలో ఆరబోసేవాడు, దాని కప్పు కారుతోందని ఈసారి వసారాలోనే పట్ట పరిచాడు. పిల్లోణ్ణి దగ్గరికి రానీయొద్దని పెళ్లానికీ అమ్మకూ చెప్పి, కొంత విత్తనం వేసుకుని ట్రాక్టర్ వెంట చేనికి పోయాడు.

పట్ట మీద గింజలు గులాబీరంగులో నిగనిగలాడుతున్నాయి. పట్టి పట్టి చూస్తే తప్ప బీట్‌రూట్ గింజలకూ వీటికీ తేడా తెలియదు. అంత తెలివిగల నాజియాకు ఆ పోలిక తట్టనే లేదు. తట్టి ఉంటే పిల్లవాణ్ణి అత్తకు అప్పగించి, మొగుడికి సద్ది తీసుకుని చేనికి పోయేదే కాదు.

తిరిగొచ్చేసరికి అర్హాన్ పట్ట అంచున కూర్చుని ఉన్నాడు. ఒళ్లో రెండు గిన్నెలు. అరచేతులు రెండూ గులాబీరంగు. తల్లిని చూసి పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

నాజియా చేతిలో క్యారియర్ ఎక్కడ పడిందో ఆమెకే తెలియదు. వాడి దవడ పట్టుకుని నోరు తెరిచి చూసింది. నాలుక ఎర్రగా ఉంది. పొద్దున తిన్న బీట్‌రూట్ ఎరుపో, మందు ఎరుపో ఎట్లా చెప్పడం? తిన్నావా అని భుజాలు పట్టి కుదిపింది. వాడు నవ్వు ఆపి ఏడుపు ఎత్తుకున్నాడు. చేతులు సబ్బుతో కడిగింది, నోరు కడిగింది, మందు పాకెట్ కొంగున కట్టుకుంది. పచ్చివైతే ఉమ్మేసేవాడేమో అని ఒక ఆశ. చక్కగా మింగెయ్యమని రోజూ నేర్పింది నేనే కదా అని ఆ వెనకే భయం.

ఫోన్ చేస్తే షారుక్ ఎవరిదో బండి మీద వచ్చిపడ్డాడు. నీ ఆటలు తగలబడ అని ఒక్క మాటే అన్నాడు. ఆ ఒక్కటీ చాలు. పక్కింటి దేవేంద్ర అప్పటికే ఆటో స్టార్ట్ చేశాడు.

మస్తానాబీ మాత్రం గడప లోపల మంచం మీదే ఉంది. కొంగు నోటికడ్డం పెట్టుకుని తల దించుకుంది. చూసుకోమని చెప్పిపోతే ఇదేనా చూసుకోవడం అని నాజియాకు కడుపు మండింది. అనడానికి టైమెక్కడిది?

"పొండి, పొండి. నేనీడ ఉంటా. ముందు పిల్లోన్ని తీస్కపొండి," అంది ముసలామె.

ఆటో సోమందేపల్లె ఆస్పత్రి దారి పట్టింది. షారుక్ అడుగుతూనే ఉన్నాడు, ఎన్ని తిన్నావురా, ఎప్పుడు తిన్నావురా అని. తండ్రి అడిగిన కొద్దీ వాడు తల్లి మెడలో దూరి ఏడ్చాడు. భయపడ్డ పిల్లాడి నోట్లోంచి నిజం రాదని నాజియాకు తెలుసు. మొగుణ్ణి చేత్తో వారించి, పిల్లాడి వీపు నిమిరింది. మెల్లగా, ఆటలో అడిగినట్టే అడిగింది.

"ఈ పొద్దు ఆటలో టీచర్ ఎవరు నాన్నా?"

వాడు ముక్కు ఎగబీల్చాడు. "నేనే టీచరు."

"మరి రంగులు చెప్పిందెవరు?"

"దాదీ. దాదీ అన్నీ రైట్ చెప్పింది. నేను దాదీకి పెట్టినా."

"నువ్వేమన్నా తిన్నావా?"

"టీచర్ తినకూడదు కదా అమ్మీ," అన్నాడు వాడు, ఇంత కూడా తెలీదా అన్నట్టు. నిజమే, ఆటలో నాజియా ఎన్నడూ ఒక్క గింజ తినలేదు.

మంచం మీద కొంగు నోటికడ్డం పెట్టుకున్న అమ్మ షారుక్ కళ్లలో మెదిలింది. "దేవేంద్రన్నా, వెనక్కి తిప్పు," అన్నాడు.

వాళ్లు తిరిగి ఇల్లు చేరేసరికి మస్తానాబీ మంచం మీంచి జారి గోడకు ఆనుకుని ఉంది. ఒళ్లంతా చెమట, నోటి వెంట చొంగ కారుతోంది. పిలిస్తే కళ్లు తెరిచి, పిల్లోడెట్లుండాడు అని అడిగింది. ఆటోలో దారి పొడుగునా నాజియా ఆమెను పక్కకు ఒరిగించి పట్టుకుని, మాట్లాడిస్తూనే కూర్చుంది. దారిలో వాంతి అయింది. అంతవరకూ ఎన్నడూ అత్త చెయ్యి పట్టుకోని నాజియా ఆ రోజు ఆస్పత్రి గుమ్మం దాకా వదల్లేదు.

డాక్టర్ పాకెట్ చూసి సూదుల మీద సూదులు వేయించాడు. పిల్లవాణ్ణీ పరీక్ష చేసి వాడికేం లేదన్నాడు. ముసలామె సంగతి మాత్రం చెప్పలేనన్నాడు. వాళ్లు బెంచీ మీద బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. పొద్దు వాలేటప్పుడు నర్సు బయటికొచ్చి, గండం గడిచింది, ఒకరు రావచ్చు అంది. షారుక్ పిల్లవాణ్ణి తన ఒళ్లోకి తీసుకున్నాడు. నాజియా పోయింది.

మస్తానాబీ గొంతు గీరుకుపోయి ఉంది. కోడలు పక్కన కూర్చుని, తిన్నానని ఎందుకు చెప్పలేదత్తా అని అడిగింది. అడగడంలో కోపముంది, ఏడుపూ ఉంది.

"వాడూ తినిండాడేమోనని భయపడితిని. నన్ను మోసుకోని ఎక్కించేలోపల వానికి ఆలస్యమైతాది కదా."

"గింజ నోట్లో ఏస్కుంటానే తెల్లేదా? చేదుగుంటాది కదా."

"వాడు గిన్నెలో తెస్తే నీ బీట్‌రూట్ గింజలే అనుకుంటి. మొదట నువ్వు సరిగ్గా ఉడకబెట్టలేదనుకుంటి," అంది ముసలామె. "చేదే. శానా చేదు. వాడు రైట్ అని చప్పట్లు కొడతాంటే, వాని ముందర ఉమ్మేయబుద్ధి కాలే."

నాజియా కొంగు తడిపి అత్త మూతి తుడిచింది.