ముందు చక్రం మూలుగు

సీసాల ఫ్యాక్టరీలో అతన్ని అందరూ భూతద్దం అని పిలిచేవారు. ఎదురుగా ఎవరూ అనేవారు కాదు, అతను అటు తిరిగాక అనుకునేవారు. దీపం ముందు నుంచి వరసగా కదిలిపోయే గాజు సీసాల్లో వెంట్రుకంత పగులున్నా పట్టేయడం అతని ఉద్యోగం. ఆ పనిలో అతన్ని మించినవాడు లేడు. చిక్కల్లా ఏమిటంటే, డ్యూటీ దిగాక కూడా ఆ కళ్ళకు విశ్రాంతి ఉండేది కాదు. కూరలవాడి తక్కెడను, పక్కింటి నీళ్ళ మోటారును, టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయిని, అన్నిటినీ, అందరినీ అదే చూపు చూసేవాడు.

అలాంటి మనిషి మోటార్‌సైకిల్ ముందు చక్రం మూలగడం మొదలుపెట్టింది. కాస్త వేగం అందుకోగానే కింద నుంచి ఊఁ అని సన్నగా ఒక రొద. బండిని స్టాండు మీద నిలబెట్టి చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపితే, ఊడబోయే పన్నులా కదిలింది. బేరింగులు అరిగాయి. అరగడం వింతేమీ కాదు గానీ, అవి కిందటి వానాకాలంలో అతను తన చేత్తో వేసినవి. పైగా ఫ్యాక్టరీకి అతను కంపెనీ వ్యానులో వెళతాడు. బండి బయటికి తీసేది ఆదివారం బజారుకు, అంతే. ఆ మాత్రం తిరుగుడుకు బేరింగులు పోవడమేమిటి? ఏమైందో ఇంకా విప్పి చూడకముందే, ఎవరి పనా అని ఆలోచనలో పడ్డాడు.

మొదట విడిభాగాల షాపు ముసలాయన మీదికి పోయింది మనసు. పాతవాటికి మెరుగుపెట్టి అంటగట్టి ఉంటాడని వెళ్ళి నిలదీశాడు.

ముసలాయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, "నా సరుకులో లోపం లేదు బాబూ. నువ్వు లేనప్పుడు బండి ఎక్కడెక్కడ తిరుగుతోందో కనుక్కో," అన్నాడు.

ఊరికే అన్నాడో, వదిలించుకోవడానికి అన్నాడో గానీ, ఆ మాట చెవిలో జోరీగలా దూరింది. కొత్త బేరింగులు కొనుక్కుని ఇంటికొచ్చాడు. కొన్నాడన్నమాటే గానీ వాటిని వెంటనే వెయ్యలేదు. ముందు కూపీ లాగాలనుకున్నాడు.

ఆ వారమంతా వ్యాను దిగీ దిగగానే సైలెన్సరు మీద చెయ్యి వేసి చూశాడు. రెండు సాయంత్రాలు అది వెచ్చగా తగిలింది. మీటరు కేబులు ఎప్పుడో తెగిపోయింది కాబట్టి అటు నుంచి సాక్ష్యం లేదు. ట్యాంకు మూత తీసి లోపల పుల్ల ముంచి చూస్తే పెట్రోలు తగ్గలేదు సరికదా, తను వదిలినదానికంటే కాస్త పైకే ఉంది. దొంగతనంగా బండి తీసుకెళ్ళేవాడు పెట్రోలు పోయించి పెడతాడా? అనుమానం తగ్గాల్సింది పోయి ఇంకా చిక్కబడింది. అన్నిటికంటే ముఖ్యంగా, కుడివైపు అద్దం కిందికి వంగి ఉంది. తను కూర్చుంటే అందులో రోడ్డుకు బదులు తన మోచెయ్యి కనిపిస్తోంది. అంటే నడిపిన మనిషి తనకంటే పొట్టి.

ఇంట్లో ఉండేది ముగ్గురే. తను, భార్య, మేడ మీది గదిలో ఆమె తమ్ముడు. బావమరిది పక్కవీధి వెల్డింగ్ షాపులో పనిచేస్తాడు. తాటిచెట్టంత మనిషి. అతను నడిపితే అద్దం పైకి లేవాలి గానీ కిందికి దిగదు. కాబట్టి వీడు బండిని ఇంకెవరికో ఇస్తున్నాడు. ఎవరో పొట్టి మనిషికి. బహుశా అమ్మాయికి. అంతవరకూ లెక్క తేలిపోయింది, ఇక ఒప్పించడమే మిగిలిందనుకున్నాడు.

"చక్రం విప్పుతున్నాను, సాయం పట్టు," అని ఆదివారం పొద్దున్నే పెరట్లోకి పిలిచాడు. సాయం ఒక వంక. చేతికి గ్రీజు అంటుకుని ఉన్న మనిషి మధ్యలో లేచి పారిపోలేడని అతని ఆలోచన.

ఇంజను కింద చెక్కదిమ్మ పెట్టి, ఇరుసు లాగి, చక్రాన్ని రెండు పలకల మీద పడుకోబెట్టారు. స్క్రూడ్రైవరుతో రబ్బరు సీలు పెకలించారు. అటువైపు బేరింగు కాసేపట్లోనే ఊడొచ్చింది. ఇటువైపుది మాత్రం మొండికేసింది. ఇనుప కడ్డీని వెనక నుంచి దించి సుత్తితో ఎంత కొట్టినా ససేమిరా అంది.

"లోపలి గొట్టాన్ని కాస్త పక్కకి జరుపు బావా. అంచు దొరుకుతుంది," అన్నాడు బావమరిది.

"బాగా తెలుసే నీకు. ఈ చక్రం ఇంతకుముందు గానీ విప్పావా?"

"ఏ బండి చక్రమైనా ఇంతే కదా."

"ఈ బండి నువ్వు తీయవు కదా?"

"తీయను బావా. ఎన్నిసార్లు అడుగుతావు?"

అబద్ధం చెప్పేవాడి కళ్ళు ఎటు పోతాయో చూద్దామని అతను మొహంలోకి వంగాడు. బావమరిది కళ్ళు కడ్డీ మీదే ఉన్నాయి. అదీ అనుమానంగానే తోచింది.

భార్య కెటిల్‌తో మరిగే నీళ్ళు తెచ్చి వాళ్ళ పక్కన పెట్టింది. అల్యూమినియం వేడికి సాగితే బేరింగు పట్టు వదులుతుందని వాటిని చక్రం నడిమధ్యన పోశారు. పొగలు కక్కుతుండగానే అతను సుత్తి ఎత్తి బలంకొద్దీ కొట్టాడు. టప్పుమని ఏదో విరిగింది. లోపలి రింగు ఎగిరిపడింది, గుండ్లు పెరడంతా దొర్లాయి, బయటి రింగు మాత్రం ఉన్నచోటే బిర్రుగా ఉండిపోయింది. ఇప్పుడిక కొట్టడానికి అంచు కూడా లేదు.

"అయిపోయింది," అన్నాడు బావమరిది నెమ్మదిగా. "దీన్నిక ఇట్లా తీయలేం."

అతను ఆ మాట వినిపించుకోలేదు. పగిలిన ముక్కల మధ్య వేలు పెట్టి తీసి చూశాడు. గ్రీజు ఉండాల్సినచోట తుప్పు రంగు బురద. వేళ్ళ మధ్య రుద్దితే గరగరలాడింది. అతని మొహం వెలిగిపోయింది.

"నీళ్ళు. చక్రం మునిగేదాకా నీళ్ళు తాగింది. ఏ వాగులో దింపార్రా దీన్ని?"

బావమరిది మొదట అతన్ని చూశాడు. తర్వాత కుళాయి వైపు చూశాడు. కుళాయికి ఆకుపచ్చ పైపు చుట్టలు చుట్టి వేలాడుతోంది. దాని మూతికి ఇత్తడి ముక్కు. బండి కడగడానికని అతనే ముచ్చటపడి కొనుక్కున్నది.

"ప్రతి ఆదివారం ఆ ముక్కు తీసుకెళ్ళి ఇరుసు దగ్గర ఆనించి కొడతావు కదా బావా. సీలు వాననైతే ఆపుతుంది గానీ, అంత జోరుకి ఏం ఆగుతుంది? అప్పట్లోనే చెబుదామనుకున్నా. నా బండి సంగతి నాకు నేర్పుతావా అని ఒంటికాలి మీద లేస్తావని ఊరుకున్నా."

అతనికి తల కొట్టేసినట్టయింది. కాదందామనుకున్నాడు గానీ, ఆ ముక్కును పువ్వుల మొక్క మీద పెట్టినప్పుడు ఆకులు చిరిగిపోయిన సంగతి గుర్తొచ్చింది. షాపు ముసలాయన మొహం కూడా గుర్తొచ్చింది. అయినా పట్టు వదలలేదు.

"సరే, నీళ్ళు నావే అనుకో. సైలెన్సరు వేడెందుకుంటోంది? అద్దం ఎందుకు వంగింది? బండి ఎవరికిస్తున్నావు?"

ఇంతసేపూ ఠపీమని జవాబిచ్చినవాడు ఈసారి నీళ్ళు నమిలాడు. లేచి చేతులు గుడ్డతో తుడుచుకుంటూ, "ముందు ఈ రింగు సంగతి చూద్దాం. షాపు నుంచి చిన్న మిషను తెస్తా," అని గుమ్మం దాటేశాడు.

దొంగ దొరికాడు. అతనికి లోపల ఒకలాంటి తృప్తి కలిగింది. చల్లబడ్డ కెటిల్ తీసుకెళ్ళడానికి భార్య మళ్ళీ వచ్చింది. ఎవరికో ఒకరికి చెప్పాలనిపించింది.

"మీ తమ్ముడు మన బండి ఎవరికో ఇస్తున్నాడు. నాకు రూఢిగా తెలిసిపోయింది. ఎవరో పొట్టి మనిషి."

"పొట్టి అంటే ఎంత?"

"అద్దం వాలు చూస్తే తెలియడంలా? ఇదిగో, ఇంత ఉంటుంది," అని తన భుజం ఎత్తున అరచెయ్యి చాచాడు.

ఆ చెయ్యి వెళ్ళి సరిగ్గా ఆమె పాపిడి మీద ఆగింది.

చెయ్యి తీయాలన్న ధ్యాస అతనికి లేదు. ఆమే కాస్త పక్కకు జరిగి కెటిల్ అందుకుంది.

"నేనే," అంది.

"నువ్వా?"

"ఊఁ."

"నీకు బండి రాదు కదా."

"వచ్చు. ఇన్నేళ్ళు మీ వెనక కూర్చున్నాను, సగం అక్కడే వచ్చేసింది. మిగతా సగం వాడు నేర్పాడు. లైసెన్సు కూడా తీసుకున్నాను."

అతను పలక మీద కూలబడ్డాడు. షాపాయన్ని అనుమానించాడు. బావమరిదిని అనుమానించాడు. ముక్కూ మొహం తెలియని ఒక అమ్మాయిని కూడా కల్పించుకుని ఆమెనూ అనుమానించాడు. ఇంట్లో ఉన్న మనిషి వైపు మాత్రం ఆలోచనే పోలేదు. అది నమ్మకం వల్లా, లేక ఆమెకు ఆ పని చేతనవుతుందన్న ఊహే లేకపోవడం వల్లా అన్నది తేల్చుకోవడానికి మనసొప్పలేదు. ఆ స్థానంలో వెంటనే ఇంకో ప్రశ్న లేచింది.

"ఎక్కడికి వెళుతున్నావు?"

"ఎక్కడికీ కాదు. అలా వెళ్ళి వస్తాను."

"అలా అంటే?"

"గాలికి."

అతను ఆమె మొహాన్ని పట్టి పట్టి చూశాడు. అందులో దాపరికం కనబడలేదు. కనబడకపోవడమే అతన్ని ఇంకా కలవరపెట్టింది.

అంతలో బావమరిది చిన్న వెల్డింగ్ మిషను భుజాన వేసుకుని వచ్చాడు. ఇద్దరి మొహాలూ చూసి సంగతి గ్రహించి, మాట్లాడకుండా తీగలు తగిలించాడు. చక్రం చుట్టూ తడి గుడ్డ పరిచి, "అటు తిరగండి, కళ్ళు పోతాయి," అన్నాడు. మొండి రింగు లోపలి గోడ మీద చుట్టూ ఒక వెల్డింగ్ గీత పోశాడు. మెరుపులు ఆగాక కొంచెం ఆగి చక్రాన్ని బోర్లించాడు. చల్లారుతూ ముడుచుకుపోయిన రింగు, ఇంతసేపు సుత్తికి లొంగనిది, టంగుమని తనంతట తనే కింద పడింది.

"ఇంతేనా?" అన్నాడు అతను.

"ఇంతే బావా. చల్లారాలి, అంతే."

చలికి కాస్త ముడుచుకుంటే సులువుగా దిగుతాయని కొత్త బేరింగులను రాత్రి నుంచీ ఫ్రిజ్జు మంచుగదిలో పెట్టి ఉంచాడు. భార్య వాటిని గుడ్డలో చుట్టి తెచ్చి, చక్రం కదలకుండా తనే పట్టుకుంది. బావమరిది సర్దుకుని మేడెక్కిపోయాడు. అతను అటువైపు నుంచి ఊడిన పాత బేరింగును అడ్డుపెట్టి, బయటి అంచు మీదే దెబ్బ పడేలా కొడుతూ, దెబ్బకీ దెబ్బకీ మధ్య అడిగాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే సాయంత్రం తనిఖీ ఉంటుంది కదా. ఎటు వెళ్ళావు, ఎవరు కనిపించారు, ఎందుకాగావు. ఇక దారంతా జవాబులు కూర్చుకోవడమే సరిపోతుంది నాకు. గాలెక్కడ తగులుతుంది?"

మరో దెబ్బ వెయ్యడానికి ఎత్తిన సుత్తి కాసేపు పైనే ఆగింది. చివరి దెబ్బకు బేరింగు అడుగంటిన చప్పుడు గట్టిగా వినిపించింది. చక్రాన్ని బిగించి వేలితో తిప్పితే, చూస్తున్నంతసేపూ చడీచప్పుడు లేకుండా తిరిగింది.

"నడిపి చూడాలి," అన్నాడు అతను.

"పదండి," అని ఆమె హెల్మెట్ తెచ్చుకుని ముందు కూర్చుంది.

ఆమె వెనక కూర్చోవడం అతనికి అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చెవి ముందు చక్రం మీద, కళ్ళు దారి మీద. గోదాముల వీధి మలుపులో పంక్చరు షాపు మనిషి ఆమెకు తలూపాడు. ఆమె కూడా తలూపింది.

"ఎవరతను?"

"పంక్చరు వేసే ఆయన."

"నీకెలా తెలుసు?"

"పంక్చరైంది."

ఊరి చివర ఎత్తు మీద నీళ్ళ ట్యాంకు ఉంది. అక్కడితో రోడ్డు ఆగిపోతుంది. ఆమె బండి ఆపి, హెల్మెట్ తీసి, పిట్టగోడ దగ్గరికి నడిచింది. కింద కప్పులు, తీగలు, ఆరేసిన బట్టలు. గాలి మాత్రం నిజంగానే బాగుంది. అతను చుట్టూ చూశాడు. నేల చూశాడు. ట్యాంకు చుట్టూ తిరిగి వచ్చాడు. ఒక తుప్పు పట్టిన గేటు, కాస్త గడ్డి తప్ప ఏమీ లేవు.

"ఇక్కడేం చేస్తావు?"

"ఇదే. కాసేపు ఉంటాను. వస్తాను."

"ఎవరూ రారా?"

"ఎవరైనా వస్తే నేను రాను."

అతను పిట్టగోడకు ఆనుకున్నాడు. ఆమె కింది కప్పుల వైపే చూస్తూ, "చక్రం చప్పుడు వచ్చిందా?" అంది.

"లేదు."

"వచ్చేవారం నేనొక్కదాన్నే వస్తాను."

సరే అనడానికి అతనికి కొంచెం సమయం పట్టింది. అన్నాడు మాత్రం అన్నాడు. తర్వాత, దిగేటప్పుడు తను నడుపుతానని తాళంచెవి కోసం చెయ్యి చాచాడు. ఆమె హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ, "వెనక కూర్చోండి," అంది.

కూర్చున్నాడు.