నీళ్ళ పొర

నీటి సరఫరా ఆఫీసులో పైపులైన్ల నక్షాలు గీసే ఆమె ఆదివారాలు మాత్రం లేని దేశాల నక్షాలు గీసేది. ఒకరు దొంగగా, ఒకరు వైద్యురాలిగా మారి, పాచికలు వేస్తూ కథ నడిపించే ఆటకి ఆ నక్షాలు. కలిసి ఆడే నలుగురు స్నేహితుల్లో ఒకరికి పెళ్ళయింది, ఒకరికి బదిలీ అయింది, మిగతా ఇద్దరికీ తీరిక లేకుండా పోయింది. అయినా ఆమె గీయడం మానలేదు. అలవాటుపడ్డ చెయ్యి ఊరుకోదు కదా.

కాగితం మీద ఆమె నది గీస్తే అది కారేది. బల్ల మీంచి నేలకి, నేల లోంచి కింది వాటా కప్పులోకి. కింద ఉండే గడియారాల మెకానిక్, భార్య పోయిన పెద్దాయన, మెట్లెక్కి వచ్చి తలుపు తట్టేవాడు.

"అమ్మాయ్, నది మళ్ళీ దిగుతోంది."

"వంపు దగ్గర కాస్త గట్టిగా నొక్కాను బాబాయ్."

ఆయన గుమ్మంలోనే నిలబడి కాసేపు నక్షా చూసి వెళ్ళిపోయేవాడు. ఇంటి ఓనరైతే అద్దె కాగితంలోనే రాయించుకున్నాడు: వాగులూ నదులూ సరే, సముద్రాలు గీయకూడదని.

ఒకరోజు పెద్దాయన విప్పి పెట్టుకున్న గడియారంలో నీళ్ళు పడ్డాయి. ఆయన దాన్ని తుడిచి ఎండలో పెట్టుకున్నాడు. ఆమెకే ప్రాణం చివుక్కుమంది. ఇక కంప్యూటర్లోనే గీయాలనుకుంది.

మూడు సాఫ్ట్‌వేర్లు చూసింది. మొదటిదాంట్లో కొండలూ చెట్లూ రెడీమేడ్. అరగంటలో రాజ్యం తయారైంది గానీ, ప్రతి చెట్టూ పక్క చెట్టుకి కవలే. రెండోది గళ్ళ కాగితం లాంటిది. కోటల గదులకి బాగుంది, నదిని మాత్రం మెట్లు మెట్లుగా దింపింది. మూడోదాంట్లో పొరలు పొరలుగా గీయాలి: నేల ఒక పొర, ఊళ్ళు ఒక పొర, నీళ్ళు ఒక పొర. నేర్చుకోడానికి వారం పట్టినా, గీత అచ్చం ఆమె చేతి గీతే. దాన్నే ఖాయం చేసుకుంది.

నది గీసింది. ఒక్క చుక్క కారలేదు.

నక్షాని నలుగురికీ పంపింది. ఒకరు బొటనవేలి బొమ్మ పెట్టారు. ఇక తలుపు తట్టేవాళ్ళెవరూ లేరు. సోమవారం బస్సులో టికెట్ అడగబోతే గొంతు పెగల్లేదు. శుక్రవారం సాయంత్రం నుంచి ఎవరితోనూ మాట్లాడలేదని అప్పుడు గుర్తొచ్చింది.

మూడో ఆదివారం పెద్దాయన వచ్చాడు.

"నది రావట్లేదు, ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉంది బాబాయ్. ఇప్పుడు కారకుండా గీస్తున్నా."

"మంచిదే," అన్నాడు. "వాటా ఖాళీ చేసి మా తమ్ముడి దగ్గరికి పోతున్నా. చెప్పి వెళ్దామని."

ఆమె కుర్చీ జరిపింది. మొదటిసారి ఆయన లోపలికొచ్చి కూర్చుని, తెర మీద వేలు పెట్టాడు. "అవతలి ఒడ్డున ఆ ఇల్లెవరిది?"

"ఇంకా ఎవరిదీ కాదు. ఆటలో ఎవరు చేరుకుంటే వాళ్ళది."

"గడియారాలు బాగుచేసేవాడు చేరుకోవచ్చా?"

"పడవలో పోవాలి." ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "కింద సామాన్లు?"

"అన్నీ పెట్టెల్లో సర్దేశా. పైన రేకు కప్పా."

ఆమె నీళ్ళ పొరని పట్టుకుని నేల పొర కిందికి లాగింది. తెర అంచు తడిసింది. బల్ల మీదుగా నీళ్ళు మెల్లగా జారి, ఇద్దరి పాదాల్నీ చల్లగా తాకాయి. ఆయన చెప్పులు విడిచి, పాచిక వేశాడు.

ఆరోసారో ఏడోసారో పాచిక పడుతుండగా తమ్ముడి ఫోనొచ్చింది. బండి ఎప్పుడు పంపమంటావని.

"ఇప్పుడు కుదరదురా," అన్నాడాయన, తెర మీంచి చూపు తిప్పకుండానే. "నది మధ్యలో ఉన్నా."