జింక కూత

మా కొండల్లో పెళ్ళి మాటకు బయలుదేరినప్పుడు అడవిలో జింక అరిస్తే ఇక అంతే. అవతలి వాళ్ళ గుమ్మం కనిపిస్తున్నా సరే, వెనక్కి తిరగాల్సిందే. ఈ ఏడాది జింక నన్ను అలా రెండుసార్లు తిప్పి పంపింది. పెళ్ళిళ్ళు కుదర్చడంలో మా మండల్‌కిరి కొండసీమ అంతటా పేరున్న దాన్ని. రెండోసారి ఇంటికొస్తే మా కోళ్ళు కూడా నన్ను చూసి నవ్వినట్టే అనిపించింది.

పెళ్ళికొడుకు ప్లోక్. నాకు చెల్లెలి వరసైన మరేల్‌కి ఒక్కగానొక్క కొడుకు. పిల్ల యోన్‌ది కొండ అవతలి ఊరు. మాలో మగవాడే అత్తారింటికి కాపురానికి వెళ్తాడు. ఈసారి కూడా రాకపోతే వేరే సంబంధం చూసుకుంటామని యోన్ వాళ్ళమ్మ కబురు పెట్టింది. అప్పటినుంచి ప్లోక్‌కి అన్నం సయించడం లేదు.

నాకు మాత్రం అనుమానంగానే ఉంది. రెండుసార్లూ కూత వెనకనుంచే వచ్చింది. రెండుసార్లూ అందరికంటే వెనక నడిచింది మరేలే. పెదవుల మధ్య ఆకు పెట్టి ఊదిందంటే జింకలు కూడా మోసపోతాయి. మొహం మీదే అడిగేద్దునా అంటే, ముందు ఏడుస్తుంది, తర్వాత పోట్లాడుతుంది.

"జలపాతం దారిన పోదాం" అన్నాను మూడోసారి బయలుదేరుతూ.

"చుట్టు కదక్కా! పైగా కాళ్ళు జారతాయి" అంది మరేల్.

"జారితే పట్టుకోడానికి కొడుకున్నాడుగా. నడువు."

ముందు నేను, నా వెనక వీపుబుట్టలో బియ్యం కల్లు జాడీతో ప్లోక్, చివర కోడిపుంజుతో మరేల్. జలపాతం దగ్గర ఆ హోరులో ఏనుగు ఘీంకరించినా వినపడదు. తిరిగి చూద్దును కదా, మరేల్ నోట్లో ఆకు! బుగ్గలు బూరెల్లా పొంగించి ఊదుతోంది. ఫోటోలకని వచ్చిన పట్నం జంట ఆమె ఏదో పాట వాయిస్తోందనుకుని చప్పట్లు కొట్టింది.

తిడదామనే నోరు తెరిచాను. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి మూసేశాను.

ప్లోక్ బుట్ట దించి తల్లి దగ్గరికి వెళ్ళాడు. అక్కడ రహస్యమైనా అరిచే చెప్పాలి, అందుకే నాకూ వినబడింది.

"చాల్లేమ్మా, బుగ్గలు నొప్పెడతాయి!"

"నీకు తెలుసా?"

"మొదటిసారే తెలుసు. నాకు నేర్పింది నువ్వేగా!"

"మరెందుకు తిరిగొచ్చావురా, పిచ్చి సన్నాసీ?"

"నువ్వు పిలిచావు కదమ్మా!"

మరేల్ ఆకు నీళ్ళలో పారేసింది. పుంజును నా చేతిలో పెట్టి, జాడీ బుట్ట తనే వీపుకెత్తుకుంది. ఈసారి అందరికంటే ముందు తనే నడిచింది.

హోరు సద్దుమణిగి, యోన్ వాళ్ళ ఊరి పొగ కనిపిస్తున్న చోట పొదల్లో జింక అరిచింది. నిజం జింకే. ముగ్గురం ఉన్నచోటే ఆగిపోయాం. ప్లోక్ మొహం పాలిపోయింది.

మరేల్ వెనక్కి తిరగనైనా తిరగలేదు.

"ఆ నీళ్ళ హోరుకి నా చెవులు దిబ్బళ్ళు పడ్డాయక్కా" అంది. "నీకేమైనా వినబడిందా?"